కథ చెప్పే గొంతు లేనప్పుడు



ఇవాళ ఒక బాతుతో మొదలుపెడతాను. పిల్లల కథలో బాతు. దాన్ని తోడేలు మింగేసింది. మింగాక ఏమైందన్న దానికి డెబ్బై ఏళ్లలో మూడు జవాబులొచ్చాయి.

1936లో మాస్కోలో సెర్గీ ప్రొకోఫియెవ్ అనే సంగీతకర్త పిల్లల కోసం ఒక కథ రాసి, దానికి తానే సంగీతం కూర్చాడు. దాన్ని లోకమంతా 'పీటర్ అండ్ ది వుల్ఫ్' అంటుంది. తోడేలు ఆత్రంకొద్దీ బాతును నమలకుండానే మింగిందనీ, చెవిపెట్టి వింటే దాని అరుపు ఇంకా తోడేలు కడుపులోంచి వినిపిస్తుందనీ అందులో కథ చెప్పేవాడు చివర్లో పిల్లలకు చెబుతాడు. 1946లో డిస్నీ వాళ్లు అదే కథను బొమ్మల సినిమాగా తీశారు. అందులో బాతు చావనేలేదు, చివర్లో బయటికొచ్చేస్తుంది. 2006లో సూజీ టెంపుల్టన్ అనే ఇంగ్లండు దర్శకురాలు మళ్లీ తీసింది. అరగంట దాటిన చిన్న చిత్రం. పోలండులోని వూచ్ నగరంలో సె-మా-ఫోర్ అనే స్టూడియోలో బొమ్మలతో తీశారు. అందులో బాతు చచ్చిపోతుంది. తిరిగి రాదు.

ఆ మూడో జవాబు గురించే ఈ ప్రసంగం. 2008లో ఆ చిత్రానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. అయితే నేను మాట్లాడాలనుకున్నది బహుమతి గురించి కాదు. పసిపిల్లల కథను తీసుకుని ఇంత చీకటిగా తీయవచ్చా, తీస్తే దేనికోసం తీయాలి, మన కోనసీమలో అల్లవరంలోనో ఓడలరేవులోనో ఫోను పట్టుకుని చిన్న చిత్రాలు తీస్తున్న పిల్లలకు ఇందులో నేర్చుకునేది ఏముంది, అన్నది నా ఆలోచన.

చూడనివారికోసం ముందు కథ చెబుతాను. పీటర్ అనే కుర్రాడు. అమ్మా నాన్నా కనిపించరు, ఉన్నది తాత ఒక్కడే. ఇంటి వెనక మంచు, గడ్డకట్టిన మడుగు, అడవి. అడవిలోంచి తోడేలు వస్తుందని తాత ఇంటి చుట్టూ నిలువెత్తు చెక్కల దడి కట్టి, తలుపుకు తాళం వేసుకున్నాడు. పీటర్‌కు తోడు ఒక బాతు, రెక్క విరిగిన ఒక పిట్ట. ఆ పిట్టకు గాలిబుడగ కడితే దాని ఊతంతో ఎగురుతుంది. తాత నిద్రపోతుండగా పీటర్ తాళం తీసి బయటికి వెళ్తాడు. తాత లేచి, కోపంగా లోపలికి లాక్కొస్తాడు. ఆ గొడవలో బాతు దడికి అవతల ఉండిపోతుంది. తోడేలు వస్తుంది. పీటర్ తాడు, వల పట్టుకుని దడి ఎక్కి ఆ తోడేలును పట్టుకుంటాడు. పాత కథలో అయితే దాన్ని ఊరేగింపుగా జంతుశాలకు తీసుకుపోతారు. ఈ చిత్రంలో తోడేలును బోనులో పెట్టి ఊళ్లోకి అమ్మకానికి తెస్తారు. జనం మూగుతారు. అప్పుడు పీటర్ ఆ తోడేలు కళ్లలోకి చూసి, బోను తలుపు తీసేస్తాడు.

తన బాతును మింగిన తోడేలును వదిలేశాడు!

ఎందుకు వదిలాడో తెలియాలంటే చిత్రం మొదటి భాగానికి వెళ్లాలి. ఆ మొదటి నిమిషాల్లో ప్రొకోఫియెవ్ సంగీతం అసలు వినిపించదు. గాలి చప్పుడు, అడుగుల చప్పుడు, మనుషుల ఊపిరి. మాట కూడా లేదు, చిత్రం మొత్తంలో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో పీటర్ ఊళ్లోకి వెళ్తాడు. అక్కడ తిరిగే ఇద్దరు వేటగాళ్ల కుర్రాళ్లలో ఒకడు అతన్ని పట్టుకుని, చెత్తడబ్బాలో పడేసి, వినోదానికి తుపాకి గురిపెడతాడు. కారణం ఏమీ లేదు. పీటర్ చిన్నవాడు, ఒంటరివాడు, అంతే. పాత కథలో వేటగాళ్లు చివర్లో తుపాకులు పేలుస్తూ వచ్చే సరదా మనుషులు. టెంపుల్టన్ ఆ వేటగాళ్లనే తెచ్చి ముందు పెట్టింది. కాబట్టి తోడేలు వచ్చేసరికే మనకు తెలుసు, ఈ పిల్లవాడికి అన్నింటికంటే పెద్ద భయం అడవిలో లేదు, ఊళ్లో ఉంది. తాత కట్టిన దడి ఒక వైపునుంచే కాపాడుతోంది. బోనులో ఉన్న తోడేలు మీదికి జనం ఎగబడుతుంటే పీటర్‌కు చెత్తడబ్బా గుర్తుకురాదా?

నా లెక్కలో ఈ చిత్రం చేసిన పెద్దపని ఇదే. కథలోకి కొత్త చీకటి తేలేదు. కథలో ఉన్న భయాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చింది. చాలామంది ఇక్కడే తప్పుతారు. పిల్లల కథను 'డార్క్'గా తీయాలంటే నెత్తురు చూపించాలి, గోడమీద నీడ కదలాలి, చెవులు పగిలే సంగీతం రావాలి అనుకుంటారు. టెంపుల్టన్ చిత్రంలో నెత్తురు వెతుక్కోవాలి. తాత గొళ్లెం వేసే చప్పుడు మాత్రం చాలాసేపు చెవుల్లో ఉండిపోతుంది.

ఆ కథ పుట్టిన కాలం గురించి ఒక సంగతి చెప్పాలి. ఈ కథ రాయమని ప్రొకోఫియెవ్‌ను అడిగింది నతాలియా సాట్స్ అనే ఆవిడ. మాస్కోలో పిల్లల నాటకశాల నడిపేది. పిల్లలకు వాద్యాలు పరిచయం చేయడం ఆవిడ కోరిక. అందుకే ఒక్కో పాత్రకు ఒక్కో వాద్యం ఇచ్చారు. పిట్టకు ఫ్లూటు. బాతుకు ఓబో, అంటే మన సన్నాయిలాగే రెండు రెల్లుపీకల మధ్యనుంచి ఊదే వాద్యం. తాతకు బసూన్, తోడేలుకు మూడు హారన్లు. మరుసటి ఏడాదే, 1937లో, భర్త ప్రభుత్వానికి శత్రువన్న నేరం మోపి, భార్య అయిన పాపానికి ఆవిడను కూడా పట్టుకుపోయారు. ఐదేళ్లు నిర్బంధంలో గడిపింది. రాత్రిపూట ఎవరి తలుపు తడతారో తెలియని ఊళ్లో, తలుపు తీసుకుని బయటికి వెళ్లిన ఒక పిల్లవాడి కథ అది. పీటర్ తోడేలును పట్టుకున్నాక కూడా తాత గొణుగుతూనే ఉంటాడు, పట్టుకోలేకపోయి ఉంటే ఏమయ్యేదని. ఆ గొణుగుడు 1936లోనే ఉంది. 2006లో దర్శకురాలు దాన్ని విని, దానికి ఒక దడి కట్టింది.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైన చోటికి వస్తాను. ప్రొకోఫియెవ్ రచనలో కథ చెప్పే గొంతు ఒకటి ఉంటుంది. వాద్యాల మధ్య ఒక మనిషి నిలబడి, ఇదిగో పిట్ట, ఇదిగో పిల్లి, ఇప్పుడు తోడేలు వస్తోంది చూడండి అంటూ చెబుతుంటాడు. డిస్నీ కూడా ఆ గొంతును ఉంచుకుంది. టెంపుల్టన్ తీసేసింది. చిత్రానికి చీకటి వచ్చింది బాతు చావడంవల్ల అనుకుంటాం. నేనైతే ఈ గొంతు పోవడంవల్ల అంటాను. గొంతు ఉన్నంతసేపూ పిల్లవాడు ఒంటరివాడు కాడు. ఎంత ఘోరం జరిగినా చెప్పే మనిషి బతికే ఉన్నాడు, పక్కనే ఉన్నాడు, కథ అయ్యాక కూడా ఉంటాడు.

ఇది మనకు బాగా తెలిసిన సంగతి. ఏడు చేపల కథ తెలియని ఇల్లు కోనసీమలో ఉంటుందా? రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటును అడిగితే ఆవు మేయలేదంది. ఆవును అడిగితే పాలేరు మేపలేదంది. పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదంటే పిల్లవాడు ఏడ్చాడు. పిల్లవాడిని చీమ కుట్టింది. చీమను అడిగితే తన పుట్టలో వేలు పెడితే కుట్టక ఊరుకుంటానా అంది.

ఓడలరేవు వైపు వెళ్తే, వైనతేయ నది సముద్రంలో కలిసే చోట, ఇసుకలో మెత్తళ్లు, ఎండురొయ్యలు ఆరబోసి ఉంటాయి. ఆ వాసనలో పెరిగిన పిల్లలకు ఈ కథ వేరే లోకం కాదు. ఎండని చేప అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. అది పురుగుపడుతుంది, పక్కవాటిని కూడా పాడుచేస్తుంది.

అయితే ఒక్కసారి పెద్దవాళ్ల చెవితో వినండి. ప్రశ్న ఎవరికి వేస్తున్నారు? చచ్చిన చేపకు. ప్రాణం పోయి, తాడుమీద వేలాడుతున్నదాన్ని పట్టుకుని నువ్వెందుకు ఎండలేదని నిలదీస్తున్నారు! అది జవాబు కూడా చెబుతుంది. అక్కడినుంచి నేరం చేతులు మారుతూ పోతుంది. ఎవరూ అబద్ధం ఆడరు. గడ్డిమేటు చెప్పింది నిజమే, ఆవు చెప్పింది నిజమే, అవ్వ చెప్పింది నిజమే. ప్రతివారూ ఇంకొకరిని చూపిస్తారు. చివరికి మాటలు రాని పసిపిల్లవాడి దగ్గరికి, వాడినుంచి చీమ దగ్గరికి వచ్చి ఆగుతుంది. అసలు వేటకు వెళ్లి చేపలు తెచ్చి, ఎండబెట్టి పోయిన రాజకుమారులను ఎవరైనా అడిగారా? కథ మొదటి వాక్యంలో వచ్చినవాళ్లు మళ్లీ కనిపించరు.

ఇంత కటువైన కథను మూడేళ్ల పిల్లలకు అన్నం తినిపిస్తూ చెబుతాం. పిల్లలు భయపడరు సరికదా నవ్వుతారు. ఎందుకంటే చీమ దగ్గరికి వచ్చేసరికి చెప్పేవాళ్లు పిల్లవాడి డొక్కలోనో అరచేతిలోనో మెల్లగా గిల్లుతారు. చీకటంతా ఆ గిల్లుడులో కరిగిపోతుంది. అది కథలో భాగం. కాగితంమీద రాదు, తెరమీద అసలే రాదు.

తెరమీద రానప్పుడు ఏం చేయాలన్నదే దర్శకుడి కష్టం. మన పాతవాళ్లు దానికి దారులు వెతికారు. తోలుబొమ్మలాటే తీసుకోండి. కాకినాడ దగ్గర మాధవపట్నం ఆ కళకు పేరుపడ్డ ఊరు. తెర వెనకనుంచి ఆడించేవాళ్లే పాడతారు, పలుకుతారు. యుద్ధంలో తలలు తెగిపడుతున్న చోట, ఏడుపు గొంతులోకి వచ్చే చోట, నవ్వించే బొమ్మలు కేతిగాడూ జుట్టుపోలిగాడూ బంగారక్కా దూకి నాలుగు మాటలు అనేసి పోతారు. అవి మోటుమాటలని కొందరు ముఖం చిట్లించేవారు. తెల్లవార్లూ కూర్చున్న పిల్లలకు ఊపిరి తీసుకునే సందు అక్కడే దొరికేది. టెంపుల్టన్ చిత్రంలో గాలిబుడగకు వేలాడే పిట్ట, కాలు జారే లావుపాటి పిల్లి చేసే పని కూడా అదే. గొంతు తీసేసింది కానీ కేతిగాడిని ఉంచుకుంది. తెలిసి చేసినా తెలియక చేసినా అది గొప్ప నిర్ణయం.

సినిమా పుట్టిన కొత్తలో కూడా గొంతును వదులుకోలేదు మనవాళ్లు. మూకీల రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి, ఇతను ఫలానా, ఇప్పుడిది జరుగుతోంది అని మన భాషలో చెప్పేవాడు. కాకినాడవారైన చిత్తజల్లు పుల్లయ్యగారు ఆ కాలంలో 'భక్త మార్కండేయ' తీశారు. యముడి వేషం ఆయనే కట్టారు. పదహారేళ్ల పిల్లవాడి మెడకు పాశం పడే కథ. దానికంటే చీకటి కథ ఏముంటుంది? ఆయనే 1936లో, అంటే మాస్కోలో ప్రొకోఫియెవ్ బాతు కథ వినిపించిన ఏడాదే, కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి పిల్లలతోనే 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' తీశారు. ధ్రువుడి కథ కూడా తండ్రి ఒడిలోంచి తోసేసిన పసివాడి కథే. మన పిల్లల కథల్లో చీకటి లేదనేవాళ్లు వాటిని సరిగా విని ఉండరు.

రేడియోకు వచ్చేసరికి ఆ గొంతు మరీ దగ్గరికి వచ్చింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు ఎన్ని ఇళ్లలో పిల్లలకు కథలు వినిపించారో! కథ చెప్పేవారిని అన్నయ్య, అక్కయ్య అని పిలుచుకోవడంలోనే ఉంది అంతా.

చీకటి చూపిస్తే పిల్లలు జడుసుకుంటారని కొందరు తల్లిదండ్రులు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రాత్రిని చూసినవాళ్లలో పిల్లలూ ఉన్నారు. సముద్రంమీదికి వెళ్లిన మనిషి తిరిగి రాకపోవచ్చని ఇక్కడి పిల్లలకు ఎవరూ సినిమా తీసి చెప్పనక్కర్లేదు. వాళ్లకు కావలసింది ఆ తెలిసినదాన్ని మాటల్లో పెట్టుకునే వీలు. మా వీధి పిల్లలతో కూర్చుని నేను ఈ పీటర్ చిత్రం చూశాను. బాతు పోయిన చోట ఎవరూ కళ్లు మూసుకోలేదు. ఒక పాప మాత్రం అడిగింది, ఆ బాతు కోసం వాళ్లమ్మ వెతుక్కోదా అని. చిత్రం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. అందుకే నా మాట ఇది: పదేళ్లు దాటిన పిల్లలకు చూపించండి, పక్కన కూర్చుని చూడండి. ఫోను చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయేట్టయితే చూపించకండి. తీసేసిన గొంతు స్థానంలో మీరు ఉండాలి.

చిత్రం ముగింపు మీద నాకు ఒక్క అసంతృప్తి ఉంది. తోడేలును వదిలే ఘట్టం ఎంత బాగున్నా, అందులో బాతు మాసిపోతుంది. క్షమ గొప్పదే. పోయినదానికి ఒక్క క్షణం నిలబడాలి కదా. ఆవు-పులి కథలోనూ వదిలేయడం ఉంది, చూడండి. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు 'భోజరాజీయము'లో చెప్పినప్పుడు, దూడకు పాలిచ్చి మాట తప్పకుండా తిరిగొచ్చిన ఆవును పులి వదిలేస్తుంది. పక్కనే కన్నడదేశంలో పిల్లలు పాడుకునే పుణ్యకోటి పాటలో పులి వదిలేసి ఊరుకోదు, సిగ్గుతో తానే ప్రాణం తీసుకుంటుంది. ఒకే కథ, రెండు రకాల చీకట్లు. రెండింట్లోనూ పులి ఆవు ముఖం చూసి తేల్చుకుంటుంది. పీటర్ చిత్రంలో తేల్చుకున్నది పీటర్ ఒక్కడే. తోడేలు మనసులో ఏముందో మనకు చెప్పరు. అదే నిజం కావచ్చు, తోడేలు తోడేలే. అయినా నా మనసు ఆ బాతు దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మన కుర్రాళ్లకు. అమలాపురం చుట్టుపక్కల, ఈ లంకల్లో, రేవుల్లో, చేతిలో ఫోనుతో చిత్రాలు తీస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రేమ విఫలమైన కథలూ దయ్యాల కథలూ తీస్తున్నారు. మీలో ఎవరైనా ఏడు చేపల కథ తీయండి. రాజకుమారులకు కిరీటాలు పెట్టకండి. ఓడలరేవులో చేపలు ఎండబెట్టే ఒక ఇల్లు చాలు. పాలేరును చూపించేటప్పుడు వాడి ఆకలి చూపించండి. అన్నం పెట్టలేదన్న మాటను కథలో చిటికెలో దాటేస్తాం. కెమెరా అక్కడ ఆగాలి. అవ్వను చెడ్డదాన్ని చేయకండి. చంటిపిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎసరు పొంగుతుంటే, ఒంటిచేత్తో ఆమె ఏం చేయగలదో చూపించండి. చీమను పెద్దది చేసి రాక్షసిలా చూపించే ఉపాయం ఫోనులో సులువుగా దొరుకుతుంది, దాని జోలికి పోకండి. ఈ కథ మొత్తంలో ఇంకొకరిమీదికి నెట్టకుండా తన పని తాను చెప్పుకున్నది చీమ ఒక్కటే. దాన్ని దాని సైజులోనే ఉంచండి. ఏడో చేపకు మాట ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఇవ్వను. అడిగే గొంతు వినిపిస్తే చాలు, చేప కళ్లు తెరిచే ఉంటాయి కదా.

తీయబోయే ముందు ఒక్క పని చేయండి. మీ నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చుని ఆ కథ చెప్పించుకోండి. ఒక ఇంట్లో గడ్డిమేటు ఉంటే ఇంకో ఇంట్లో గడ్డిదుబ్బు ఉంటుంది. పాలేరు ఒకచోట గొల్లపిల్లవాడవుతాడు. అవ్వ ఒకచోట అమ్మ అవుతుంది, అమ్మ అయితే కథ బరువే మారిపోతుంది. ఏ పేటలో ఎలా చెబుతారో, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ గిల్లుతారో రికార్డు చేసుకోండి. బెండమూర్లంకలో ఒకలా, కొమరగిరిపట్నంలో ఒకలా ఉంటే రెండూ ఉంచండి. వాటిని విన్నాక, ఏ కథ తీయాలో మీకే తెలుస్తుంది.